ముల్లు దిగిన చోట జరుగు పని

చర్మమనగా శరీరమును కప్పియుంచు సంచి వంటిదని పలువురు తలంతురు. శరీరశాస్త్ర పాఠములలో సైతము గుండెకును మెదడునకును ఇచ్చు చోటు చర్మమునకు దొరకదు. పెద్దవాని చర్మమును విప్పి పఱచినచో ఒకటిన్నర మొదలు 2 చదరపు మీటర్ల వఱకు వచ్చును. అనగా ఇంచుమించుగా ఒకరు పండుకొను చాప యంత. ఈ చాప యంతటను రేయింబవళ్లు కావలి యున్నది. ఆ కావలి కాయునవి కంటికి కానరాని కణములు. ముల్లు దిగినప్పుడు ఆ కణము లేమి చేయును, ఏవి ముందు వచ్చును, ఏవి వెనుక వచ్చును, పని ముగిసిన పిమ్మట ఎట్లు తొలగిపోవును అను సంగతులను మన విద్యార్థుల కొఱకును, వారి తలిదండ్రుల కొఱకును ఇచట వ్రాయుచున్నాము.

వేసవిలో చెప్పులు లేక పొలముగట్ల వెంట తిరుగు బాలునకు తుమ్మముల్లు దిగుట వింత కాదు. పిన్నీసుతో ముల్లు తీసివేయుదురు. సాయంకాలమునకు ఆ చోటు ఉబ్బును, కాలుచున్నట్లుండును, పాదమును నేల మోపనీయదు. మఱునాటికి నడుమ తెల్లని చీముచుక్క కనబడును. "ముల్లు విషమెక్కినది" అని యింటిలోనివారందురు. తుమ్మముల్లునకు విషము లేదు. ముల్లుతో లోనికి పోయిన మట్టియు, సూక్ష్మజీవులును అపకారము చేయునవే; కాని మనకు కనబడు వాపు, వేడి, నొప్పి, చీము అనునవి చాలవఱకు వాని పని కాదు. మన దేహమునందలి కణములే మన మేలు కొఱకు పని చేయుచుండగా బయటికి కనబడు చిహ్నములవి. ఈ సంగతి మొదట గ్రహించినగాని తక్కిన విషయము బోధపడదు.

ఈ చిహ్నములను పూర్వులు చక్కగా గుర్తించిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోము రాజ్యమందుండిన సెల్సస్ అను గ్రంథకర్త ఎఱ్ఱదనము, వాపు, వేడి, నొప్పి అని నాలుగింటిని లెక్కించెను. మన దేశమున సుశ్రుత సంహిత ఇట్టి శోథమును ఆమము, పచ్యమానము, పక్వము అని మూడవస్థలుగా విభజించినది. "గడ్డ పండినది" అని మన పల్లెలలో నేటికిని వినబడు మాట ఆ భావమునకు దగ్గఱగనే యున్నది. ఒక్క మాట యిచట చెప్పవలసియున్నది. ఎఱ్ఱదనమును గూర్చి వైద్యగ్రంథములలో వ్రాసినది చాలవఱకు తెల్లని చర్మమును చూచి వ్రాసినది. చామనచాయయు నలుపును గల మన మేనులపై ఎఱ్ఱదనము స్పష్టముగా తెలియదు. ఆ చోటు మఱింత నల్లబడి నిగనిగలాడుచు కనబడవచ్చును. కావున తల్లులు కంటిని మాత్రమే నమ్మక, చేతి వెనుకభాగమును ఆ చోట ఆనించి, ప్రక్కచోటి వేడితో పోల్చి చూచుట మంచిది.

ఎఱుపును వాపును ఎట్లు పుట్టునో చూచుటకు ముల్లే అక్కఱలేదు. మొద్దుగానున్న పెన్సిలు వెనుకకొనతో ముంజేతిపై ఒక గీతను గట్టిగా లాగిన చాలును. కొన్ని క్షణములలో గీత వెంబడి చర్మము ఎఱ్ఱబాఱును. పిమ్మట దాని యిరుప్రక్కల ఎఱుపు చెదరినట్లు వ్యాపించును. కొందఱికి గీత పొడవున చర్మము సన్నని గట్టువలె ఉబ్బును. లండను నగరమున సర్ థామస్ లూయిస్ అను వైద్యుడు 1920 తరువాతి సంవత్సరములలో ఈ మూడు మార్పులను ఓపికతో పరిశీలించి, దెబ్బతిన్న చర్మమునుండి ఏదో ద్రవ్యము వెలువడుచున్నదని చెప్పెను. అట్టి ద్రవ్యములలో ముఖ్యమైనది హిస్టమిను. దానిని గింజలుగా మూటగట్టి దాచుకొనునవి మాస్టు కణములు. పాల్ ఎర్లిఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1878లో తన పట్టము కొఱకు వ్రాసిన గ్రంథమున వీనిని వర్ణించెను. లోపల గింజలు నిండియుండుట చూచి, ఇవి బాగుగా మేసి బలిసిన కణములని తలంచి ఆ పేరు పెట్టెను. అది మేత నిలువ కాదు, మందుగుండు నిలువ యని తరువాత తెలిసినది. చర్మమునకు దెబ్బ తగులగానే ఈ మూటలు విప్పబడును. సన్నని రక్తనాళములు వెడల్పై ఆ చోటికి రక్తము హెచ్చుగా వచ్చును గనుక ఎఱుపును వేడియు; వాని గోడలలో సందులు పడి నీరు వెలికి ఊరును గనుక వాపు; నరముల కొనలు రేగును గనుక నొప్పియు దురదయు కలుగుచున్నవి.

ఇట్లు తలుపులు తీయబడగానే మొదట వచ్చునవి న్యూట్రోఫిలులు. ఇవి తెల్ల రక్తకణములలో ఎక్కువ సంఖ్య గలవి. మన ఎముకల మూలుగలో దినమునకు ఇంచుమించు పదివేల కోట్ల న్యూట్రోఫిలులు పుట్టుచుండునని లెక్కించియున్నారు. అవి రక్తములో కొట్టుకొనిపోవుచు, దెబ్బతిన్న చోటికి రాగానే నాళపు గోడను పట్టుకొని, దొరలి, నిలిచి, తమ మేనిని సన్నగా సాగదీసికొని సందులగుండ దూరి వెలికి వచ్చును. 1867లో కోన్‌హైం అను జర్మను వైద్యుడు బ్రతికియున్న కప్పయందు దీనిని సూక్ష్మదర్శనితో చూచి, చీమునందలి కణములు రక్తమునుండి వచ్చినవేయని చూపెను. ముల్లు దిగిన కొన్ని నిమిషములకే ఇవి రా నారంభించి, ఒకటి రెండు దినములలో మిక్కిలి హెచ్చగును. క్రిములను మ్రింగును, వానిని చంపు ద్రవ్యములను చిమ్మును. అంతటితో చాలనిచో మఱియొక వింత చేయును. తమ కణకేంద్రమునందలి దారములనే బయటికి విసరి, జాలరి వలలో చేపలవలె క్రిములను చిక్కించును. ఇది 2004లో మాత్రమే కనుగొనబడినది. వల విసరిన న్యూట్రోఫిలు సాధారణముగా బ్రతుకదు. చీము అనగా నిట్లు ప్రాణము విడిచిన కణముల గుంపు.

అయితే ఈ వీరులతో ఒక చిక్కు గలదు. క్రిములను కాల్చు ద్రవ్యములు పగవారిదని, మనదని భేదమెఱుగవు. ఇవి యెంతకాలము నిలిచిన అంతకాలము మన కండయు కరగుచునే యుండును. కావున వీని తరువాత వేఱొక జాతి కణములు రావలెను. వాని కథ చెప్పుటకు ముందు వానికి పేరు పెట్టినవానిని గూర్చి కొంచెము చెప్పెదము.

ఎలీ మెచ్నికాఫ్ అనునాతడు రష్యా రాజ్యమందు జన్మించిన జంతుశాస్త్రజ్ఞుడు, వైద్యుడు కాడు. 1882లో ఆతడు ఇటలీ దేశపు సిసిలీ దీవిలోని మెస్సీనా పట్టణమున సముద్రతీరమందు కాపురముండి, నక్షత్రపు చేప పిల్లలను పరిశీలించుచుండెను. ఆ పిల్లలు గాజువలె నుండుటచే లోపలి కణముల కదలిక అంతయు కనబడును. ఇంటివారందఱు సర్కసు చూడబోయిన యొకనాడు ఆతడు ఒంటిగా నుండి, ఈ కదలాడు కణములు దేహమును కాపాడుటకేమో యని తలంచి, తోటలోని గులాబీముండ్లను తెచ్చి ఆ పిల్లల చర్మము క్రింద గ్రుచ్చెను. మఱునాటి యుదయమున చూడగా కణములు ముల్లు చుట్టును మూగియుండెను. ఆ జీవికి రక్తనాళములు గాని నరముల నొప్పిని చెప్పు నాలుక గాని లేవు. ఐనను ముల్లు దిగిన చోటికి కణములు తామై పోయినవి. శోథమనగా నాళములు చెడుట కాదు, కణములు సాయమునకు వచ్చుట యని ఆతడు దీనినుండి నిశ్చయించెను. ఆ కణములను భక్షకకణములనిరి. వానిలో పెద్దవానికి ఆతడు మాక్రోఫేజులని, అనగా పెద్దతిండి కణములని పేరిడెను. చాలమంది వైద్యులు ఆతని మాటను చాలకాలము వ్యతిరేకించిరి. 1908లో ఆతనికిని, పైన చెప్పిన ఎర్లిఖ్‌నకును కలిపి నోబెలు బహుమానమొసగబడెను. ఒక మొక్కముల్లుతో ఇంతటి జ్ఞానమును సంపాదించినవారు శాస్త్రచరిత్రలో అరుదని మా యభిప్రాయము.

ఇక మాక్రోఫేజులు. ముల్లు దిగిన రెండవ మూడవ దినములకు రక్తమునుండి మోనోసైటులను కణములు వెలికి వచ్చి మాక్రోఫేజులుగా మాఱును. తొలుత ఇవియు పోరాడునవే. క్రిములను, ముల్లు ముక్కలను, చెడిన కండను, చచ్చిన న్యూట్రోఫిలులను మ్రింగును. ఇచటనే మిక్కిలి వింతయైన సంగతి యున్నది. చచ్చిన న్యూట్రోఫిలును మ్రింగుటతో మాక్రోఫేజి స్వభావమే మాఱును. శోథమును రేపు ద్రవ్యములను తగ్గించి, శాంతింపజేయు ద్రవ్యములను విడుచుటకు మొదలిడును. దీనిని 1998లో ప్రయోగములచే స్పష్టపఱచిరి. మన కోస్తా జిల్లాలవారికి గాలివాన తెలియును. అది వెలిసిన పిమ్మట కూలిన చెట్లను గొడ్డలితో నఱకి దారి చేసినవాడే మఱునాడు తాటియాకు తెచ్చి ఇల్లు కప్పును. మాక్రోఫేజి అట్టిది. నఱకవలసినదంతయు నఱకినగాని గొడ్డలి దింపదు. దింపినగాని ఇల్లు లేవదు.

ఏ కణము ఎంత ముఖ్యమో తెలిసికొనుటకు అమెరికాలో రెండు పరీక్షలు జరిగినవి. 1972లో సింప్సన్, రాస్ అను వారు గినీపందులలో న్యూట్రోఫిలులను తొలగించి గాయము చేసిరి. క్రిములు చేరని గాయములు ఎప్పటివలెనే మానినవి. 1975లో లీబోవిచ్, రాస్ అను వారు మాక్రోఫేజులను తొలగించిరి. అప్పుడు చెత్త కదలలేదు. కొత్తకండ నల్లు కణములు వేళకు రాలేదు. గాయము మానుట వెనుకబడినది. మాక్రోఫేజులను తొలగించుటకు వారు వాడినవి రెండు: ఒకటి ఆ కణములను చంపు రసి, రెండవది హైడ్రోకార్టిసోను. ఈ రెండవ పేరును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

మాక్రోఫేజి పిలుపుతో సన్నని రక్తనాళములు కొత్తగా మొలకెత్తును. తంతుకణములు వచ్చి కొల్లాజెను అను దారములను పేనును. పుండులో కనబడు గరుకైన ఎఱ్ఱని లేతకండ ఇదియే. దానిని చూచి పెద్దలు "కండ పట్టుచున్నది" అని సంతోషించుట న్యాయమే. అంచులనుండి పైచర్మపు కణములు ప్రాకుకొని వచ్చి దానిని కప్పును. ఇవి తడిగానున్న నేలపైననే సులువుగ ప్రాకగలవు. 1962లో జార్జి వింటరు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పందులపై పరీక్షించి, పలుచని పొరతో కప్పి తడి ఆఱనీయని గాయములందు చర్మము, గాలికి ఎండి పెచ్చు కట్టిన గాయములందుకంటె ఇంచుమించు రెండు రెట్లు వేగముగా కప్పుకొనుట చూచెను. గాయమునకు గాలి తగులవలెనను మన యిండ్లలోని మాట దీనికి వ్యతిరేకము. మంచినీటితోను సబ్బుతోను కడిగి, శుభ్రమైన గుడ్డతో కప్పుటే మేలు. పేడ, మట్టి, కాఫీపొడి గాయముపై వేయుట తగదు. పెచ్చు గిల్లు బాలురకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇట్లు కట్టబడిన గోడ పాతదానికి సరిరాదు. మచ్చ పడిన చర్మము ఎన్నినెలలు గడచినను మొదటి బలములో నూటికి 80 వంతులకంటె మించి రాదు. నోటిలో మాత్రము వేఱు. నాలుక కొఱుకుకొన్నచో రెండు మూడు దినములలో మఱచిపోవుదుము, మచ్చయు నుండదు. నోటి గాయములలో శోథము తక్కువగా నుండి త్వరగా ముగియుట దీనికొక కారణము.

కాలికి దెబ్బ తగిలినప్పుడు గజ్జలో బిళ్ల కట్టుట అందఱెఱిగినదే. కాలి గాయమునకు గజ్జతో ఏమి పని? పైచర్మమందు కొమ్మలు చాచిన కణములు కొన్ని యున్నవి. 1868లో బెర్లినులో వైద్యవిద్యార్థిగా నున్న పాల్ లాంగర్‌హాన్సు వీనిని కనుగొని, కొమ్మలను చూచి నరపుకణములని తలంచెను. నూఱేండ్లు గడచిన పిదపగాని అవి కావలికణములని స్థిరపడలేదు. ఈ కణములును, లోచర్మమందలి వీని జ్ఞాతులును, చొచ్చిన క్రిమి తునుకలను మోసికొని గజ్జలోని రసగ్రంథికి పోవును. అచట టీ-కణములు, బీ-కణములు అను వానికి ఆ తునుకలను చూపును. ఆ తునుకను గుర్తించిన కణములు వేలకొలదిగా పెరుగుటచే గ్రంథి ఉబ్బును, అదియే బిళ్ల. వానిలో కొన్ని పని తీఱినను చావక, ఆ క్రిమిని జ్ఞాపకముంచుకొని యుండును. మన చర్మమందు నిలిచియుండు టీ-కణములు రక్తమందలి వానికంటె ఇంచుమించు రెండు రెట్లు ఉన్నవని తెలియవచ్చినది.

లోతుగా దిగిన ముల్లుతో వచ్చు ధనుర్వాతము మాత్రము ఈ యేర్పాటునకు చిక్కదు. దాని క్రిమి గాలి తగులని లోతున పెరిగి, దేహము మేలుకొనకమునుపే విషమును విడుచును. ఆ విషము మిక్కిలి కొంచెమైనను ప్రాణము తీయును. కావున ఆ జ్ఞాపకమును టీకాచే ముందుగనే కలిగింపవలెను. భారతదేశపు టీకాల పట్టికలో పసిబిడ్డల టీకాలు గాక 10వ యేటను 16వ యేటను మరల వేయవలెనని యున్నది. ఈ రెండేండ్లును పాఠశాలలో గడచునవే గనుక తలిదండ్రులు తమ బిడ్డల టీకా కాగితములను ఒకమాఱు తీసి చూడ వేడుచున్నాము.

జ్ఞాపకమెల్ల మేలే యనరాదు. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టు నల్లజీడి రసము క్రిమి కాదు. ఐనను కొందఱి దేహములు దానిని పగవానిగా జ్ఞాపకముంచుకొనును. మరల తగిలినప్పుడు వెంటనే గాక, ఒకటి రెండు దినములకు టీ-కణములు ఆ చోట మూగి చర్మమును పొక్కించి, రసి కార్పించును. రెండవ ప్రపంచయుద్ధకాలమున మన దేశమునకు వచ్చిన అమెరికా సైనికుల చర్మముపై చాకలిగుర్తు తగిలిన చోట్ల పొక్కులు లేచుట చూచి, 1943లో వారి వైద్యులు దీనిని వర్ణించిరి. జీడిమామిడి పెంకులోని నూనెయు, మామిడిసొనయు ఈ కుటుంబమునకు చేరినవే. పలాస ప్రాంతమున జీడిగింజలు వలచువారికి ఈ బాధ కొత్త కాదు. మామిడికాయ కోసి సొన తుడువక తిను బాలురకును మూతి చుట్టును కొంత తెలిసియుండును. ఇచట శోథము వట్టి పొరపాటు; దానిని అణచుటే చికిత్స.

ఆ యణచుటకు వాడునది హైడ్రోకార్టిసోను జాతి మందులు, అనగా స్టీరాయిడులు. ఈ ద్రవ్యములపై చేసిన కృషికి 1950లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెలు బహుమానము వచ్చినది. తగినచోట వైద్యుని చేతిలో ఇవి గొప్ప యుపకారములు. కాని మన బజారులలో తామరకని అమ్మబడు లేపనములు పెక్కింటిలో ఇవి కలసియున్నవి. తామర బూజుజాతికి చెందిన శిలీంధ్రమువలన వచ్చునది. దాని దురదయు ఎఱుపును మన కణములు చేయు పోరాటము. లేపనము రాయగానే కణములు నిద్రపోవును. రెండు దినములలో దురద పోవును. రోగి కొన్నవానిని మెచ్చుకొనును. శిలీంధ్రము మాత్రము అడ్డు లేక ప్రక్కకు ప్రాకును. లేపనము మానగానే మునుపటికంటె విస్తారముగా లేచును, మరల రాయును. గడచిన కొన్ని సంవత్సరములుగా మన దేశమంతటను చర్మవైద్యులు మొఱపెట్టుకొనుచున్నది దీనిని గూర్చియే. కుక్క మొఱుగుట బాధయని దాని నోరు కట్టిన యింటివానివలె నున్నది వీరి పని. ముఖము తెల్లబడుటకని ఆడుపిల్లలు రాసికొను లేపనములు కొన్నింటిలోను ఇదే ద్రవ్యమున్నది. దానివలన చర్మము పలుచనై మొటిమలు లేచును.

అణచరాని చోట అణచుట ఒక కీడు. ముగియవలసినచోట ముగియకపోవుట మఱియొకటి. మధుమేహముగల పెద్దల పాదములందు ఈ రెండవది కనబడును. లాంగర్‌హాన్సు 1869లో క్లోమమునందు కణముల దీవులను గూడ వర్ణించెను. ఇన్సులిను పుట్టునది ఆ దీవులయందే. అది చాలక రక్తమున చక్కెర చాలకాలము హెచ్చియుండినచో పాదముల నరములు మొద్దుబాఱును, రక్తనాళములు ఇఱుకగును. ముల్లు దిగినను, చెప్పులో రాయి యున్నను తెలియదు. పైగా న్యూట్రోఫిలులు మితిమీఱి వలలు విసరును. మాక్రోఫేజులు గొడ్డలి దింపవు. మూడవ నాటికి మాఱవలసిన పని మూడు నెలలైనను మాఱక, పుండు మొదటి దశయందే నిలిచిపోవును. నొప్పి లేదు గదా యని ఇంటిలోనివారు ఉపేక్షింతురు. ఆ పాదమున నొప్పి లేకపోవుటయే భయపడవలసిన గుఱుతు. అట్టి పెద్దలున్న యిండ్లలో చూపు చుఱుకైన పిల్లలెవరైన దినమున కొకసారి వారి అరికాళ్లను, వ్రేళ్ల సందులను వెలుతురున చూచుట మంచిది. వారంతట వారు వంగి చూచుకొనలేరు.

ఇట్లు నిలిచిపోయిన పుండునకు శస్త్రవైద్యులు చేయు మొదటి పని చూచువారికి క్రూరముగా తోచును. పాదమునకు రక్తప్రసారము చాలినంత యున్నదని చూచుకొని, పుండు అంచులను, చచ్చిన కండను పదునైన కత్తితో కోసి, క్రొత్త రక్తము చెమర్చు వఱకు తీసివేయుదురు. చీడపట్టిన పాతచెత్తతో పాటు మాఱక కూర్చున్న కణములును పోవును. అప్పుడది పాత పుండు గాక, ఆనాడు తగిలిన గాయమగును. న్యూట్రోఫిలులు మొదటినుండి రావలెను, వాని వెనుక మాక్రోఫేజులు రావలెను.